ఇంజన్ మూత లోపలి బొట్టు

ఆ కారును మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. తప్పే. ఒప్పుకుంటాను.

అప్పటికి నేను గల్ఫ్‌కి వచ్చి తొమ్మిదేళ్ళు. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె, నా పేరు లింబాద్రి. మస్కట్‌లో పనిచేసే కంపెనీ మూతబడితే, అక్కడే హమ్రియా అనే పేటలో ఎనిమిది మంది ఉండే రూమ్‌లో తొమ్మిదోవాడిగా దూరి, పొద్దున లేస్తే పని వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి. సహం అనే ఊళ్ళో ఒక పెద్దమనిషికి డ్రైవర్ కావాలట అని రూమ్‌లో ఎవరో చెబితే బస్సెక్కి వచ్చాను. ఆయనే ఖమీస్ అర్బాబ్. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. సముద్రం పక్కన ఇల్లు, ఇంటి వెనక ఖర్జూరం తోట, తోట అంచున నిమ్మచెట్లు, ఆ చివర ఒక రేకుల షెడ్డు.

ఆయన నా లైసెన్సు కూడా అడగలేదు. ముందు షెడ్డులోకి తీసుకుపోయి ఒక గుడ్డ లాగాడు. నీలం రంగు కారు. నా నడుము దాటి కాస్త ఎత్తు, అంతే. మా ఊళ్ళో ఎడ్లబండి దానికన్నా పొడుగు. పిల్లలు కూర్చుని ఆడుకునేదేమో అనుకుని ఫక్కున నవ్వేశాను. అర్బాబ్‌కి కోపం రాలేదు. వంగి తలుపు దగ్గర ఏదో నొక్కాడు. తలుపు పక్కకు రాలేదు. కోడి రెక్క విప్పినట్టు పైకి లేచి, అలాగే గాలిలో నిలబడింది. అటు వెళ్ళి రెండో తలుపూ లేపాడు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. నోరు మాత్రం తెరిచే ఉంది.

అర్బాబ్ వయసులో ఉన్నప్పుడు ఆయిల్ ఓడల మీద ఇంజనీరు. జపాన్‌లో కోబె రేవులో ఓడ ఆగినప్పుడు ఒక దుకాణం అద్దం వెనక దీన్ని చూశాడట. ఆ తరవాత ఓడ ఏ సముద్రంలో ఉన్నా మనసు ఆ అద్దం దగ్గరే ఉందట. మరుసటి ట్రిప్పులో కొని, తెలిసిన ఓడలవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని, కంటెయినర్‌లో పెట్టించి తెచ్చుకున్నాడు. ఇలాంటివి అక్కడివాళ్ళు కొన్నాళ్ళే చేసి మానేశారనీ, ఒమాన్ మొత్తంలో ఇదొక్కటే అనీ ఆయన నమ్మకం. తీరా తెచ్చాక, స్టీరింగ్ మన ఇండియాలోలాగా కుడివైపు. ఇక్కడి బండ్లకి ఎడమవైపు. రోడ్డు మీదికి కాగితాలు దొరకలేదు. సముద్రాలు దాటి వచ్చిన బండి ముప్పై ఏళ్ళుగా తిరిగిన లోకమంతా షెడ్డు నుంచి బావి దాకా, బావి నుంచి వెనక గోడ దాకా.

శుక్రవారం నమాజుకి వెళ్ళొచ్చి, భోంచేసి, దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీ మడతలు సర్దుకుని అర్బాబ్ అందులో కూర్చునేవాడు. కూర్చోవడం కూడా ఒక విద్యే. ముందు ఒక కాలు, తరవాత నడుము, ఆ తరవాత తల, చివరికి రెండో కాలు. ఇంజన్ ముందు లేదు, సీట్ల వెనకాల ఉంది. తాళం తిప్పగానే మొదట సన్నగా గొణిగేది. ఖర్జూరం చెట్ల మధ్యకి వెళ్ళాక ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఒక శబ్దం చేసేది చూడండి, ఆ శబ్దానికి నా చేతుల మీద వెంట్రుకలు నిలబడేవి. పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా నిలబడకుండా లేవు. అంత చిన్న డబ్బాలో అంత ప్రాణం ఎవడు పెట్టాడా అని నేను గోడ దగ్గర నిలబడి ఆశ్చర్యపోతూ ఉండేవాణ్ణి. నేను తొందరగా దేనికీ వంగే మనిషిని కాను. సైట్‌లో ఫోర్‌మన్‌లతో తగువులు పెట్టుకుని మూడు కంపెనీలు మారినవాణ్ణి. అలాంటిది ఈ కారు తుడవడానికి మోకాళ్ళ మీద కూర్చునేవాణ్ణి.

కడగడం, తుడవడం వరకే నా పని. నడపడం ఆయన ఒక్కడే. మొదటి రోజే గట్టిగా చెప్పాడు. జపాన్‌లో పూసిన రంగు పూసినట్టే ఉందట, దాని మీద ఇంకో చేయి పడలేదట. చిన్న గీత పడినా మస్కట్ బస్సుకి టికెట్ తనే కొంటానన్నాడు.

సరేనన్నాను. నిజంగానే సరే అనుకున్నాను. కానీ మూడు నెలలకి దసరా వచ్చింది.

మా ఇంట్లో ఇంజన్ ఉన్న వస్తువుకి దసరా నాడు బొట్టు పెట్టకుండా ఉండడం ఎవరికీ చేతకాదు. మా నాయన బోరు మోటారుకి పెట్టేవాడు. మా మేనమామ పిండి గిర్నీకి పెట్టేవాడు. నేను మొదటి కంపెనీలో కాంక్రీటు మిక్సర్‌కి పెట్టాను, అది చూసి నేపాలీ వాచ్‌మన్ కూడా వచ్చి దండం పెట్టాడు. ఏడాదంతా మన కోసం తిరిగే యంత్రానికి ఆ ఒక్క రోజు మనం చేతులు జోడిస్తాం, అంతే. మరి ఇంత గొప్ప బండి, దాని పుట్టుకలో ఒక్క దసరా కూడా చూడలేదు. ఆ రోజు పొద్దున్నుంచి నాకు అన్నం సయించలేదు. ఒకపక్క ముస్లిం ఇల్లు, అర్బాబ్ కొడతాడో, తరుముతాడో. ఇంకోపక్క బోసిగా ఉన్న బండి.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు షెడ్డులో దూరాను. బయటి రంగు మీద పెడితే కనబడుతుందని, వెనక ఇంజన్ మూత ఎత్తి లోపలి వైపు పెట్టాను. ఉత్త కుంకుమ అయితే రాలిపోతుందని కొబ్బరినూనెలో కలిపాను. ఆ తెలివే నా కొంప ముంచింది, అది తరవాత తెలిసింది. తోటలోవి నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, బండిని చేతులతోనే ముందుకి తోశాను. తేలిగ్గా కదిలింది. కాయలు చిట్లాయి. ఆ వాసన షెడ్డంతా నిండింది. నేను దండం పెట్టుకుని నిలబడ్డాను, గుడిలో నిలబడ్డట్టే ఉంది. సాయంత్రం నలిగిన నిమ్మచెక్కలు చూసి అర్బాబ్ మేకలు లోపలికి వస్తున్నాయని నా మీద విసుక్కున్నాడు. నిజమే అర్బాబ్, పాడు మేకలు అన్నాను.

అలా పదకొండు దసరాలు. ఏటా పాత బొట్టు రుద్ది తీసి, కొత్తది పెట్టడం. ఇంటికి ఫోన్ చేసి బండి సంగతులు చెబుతుంటే నా భార్య సుమలత, “నా సవతికి తానం పోసినవా, తిన్నదా, పండుకున్నదా?” అని ఎగతాళి చేసేది. నేను నవ్వేసేవాణ్ణి గాని, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

రెండేళ్ళ కింద అర్బాబ్‌కి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించాలి. నాలుగు గంటలు ఆయన కుర్చీలో ఒరిగి ఉంటే నేను పక్క స్టూలు మీద. అక్కడి నర్సు జూలీ నరసాపురం వైపు అమ్మాయి. నన్ను అన్నయ్యా అని పిలిచేది. అర్బాబ్ పక్క కుర్చీలో సుగ్రా బేగం అనే ముసలావిడ. ఒక పాకిస్తానీ దర్జీ భార్య, కొండల వైపు లోపల ఎక్కడో ఉంటారు. దర్జీకి బండి లేదు. ఎవరి పికప్ దొరికితే దాంట్లో, కూరగాయల మధ్యన, మేకల మధ్యన కూర్చుని వచ్చేది. వచ్చిన రోజు అర్బాబ్‌తో ఉర్దూలో కొట్లాడేది, టీవీలో వార్తలు కావాలా వంటలు కావాలా అని. ఆయనకి ఆ కొట్లాట ఇష్టం.

పోయిన చలికాలంలో ఒక మంగళవారం ఆమె రాలేదు. గురువారం రాలేదు. శనివారం ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. అర్బాబ్ అడిగితే జూలీ కాసేపు ఏదో సర్దుతున్నట్టు నటించి, తరవాత చెప్పింది. రెండుసార్లు బండి దొరకలేదట. నిన్న రాత్రి దొరికిందట గాని ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోయి దారిలోనే ప్రాణం పోయిందట.

ఇంటి గేటు దగ్గర బండి ఆపాక, ఆయన దిగకుండానే, నీలం కారు ఇచ్చేస్తున్నానన్నాడు. ఊరి సహాయ సంఘానికి ఇస్తాడట. వాళ్ళు దాన్ని దుబాయ్‌లో అపురూపమైన కార్ల వేలానికి పంపి, వచ్చిన దాంతో ఒక వ్యాను కొంటారట. కుర్చీతో సహా మనిషిని ఎక్కించే వ్యాను. కొండల వైపు ఊళ్ళు తిరిగి డయాలిసిస్ వాళ్ళని తెచ్చి, మళ్ళీ ఇంటి దగ్గర దింపే వ్యాను.

నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, కోపం. తోటలో ఒక చెక్క అమ్మొచ్చు కదా, రోజూ తిరిగే పెద్ద బండి అమ్మొచ్చు కదా అని నోరు జారాను. డ్రైవర్ అనాల్సిన మాటలు కావవి. ఆయన నా వైపు తిరిగి చూశాడు.

“తోట అమ్మితే నాకు నొప్పి పుట్టదు లింబాద్రీ. నొప్పి పుట్టని చోటు నుంచి తీసి ఆమె పేరు మీద ఎలా ఇవ్వను?”

ఆ రోజు నుంచి నా బుద్ధి గడ్డి తింది. షెడ్డులోకి వెళ్ళి ఊరికే కూర్చునేవాణ్ణి. ఏదో ఒకటి అడ్డం పడితే బాగుండు, వేలంవాళ్ళు వద్దంటే బాగుండు అని కోరుకునేవాణ్ణి. సుగ్రా బేగం గుర్తొస్తే మాత్రం తల తిప్పుకునేవాణ్ణి. జూలీ ఒకరోజు నా ముఖం చూసి కనిపెట్టేసింది. “ఏంటన్నయ్యా, ఇచ్చేది ఆయన, ఏడుపు మీది. వ్యాను వస్తే ఎంతమంది బతుకుతారో మీకు తెలీదా?” అంది. తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు వింటుందా?

వేలానికి పెట్టే ముందు బండిని చూడడానికి దుబాయ్ నుంచి ఒక జపాన్ ఆయన వస్తున్నాడని కబురు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు బొట్టు. పరుగెత్తుకుంటూ వెళ్ళి మూత ఎత్తాను. గుడ్డతో రుద్దాను, షాంపూతో రుద్దాను, పాలిష్‌తో రుద్దాను. పదకొండేళ్ళ నూనె, పదకొండేళ్ళ ఇంజన్ వేడి. కుంకుమ రంగులోకి ఇంకిపోయింది. రుద్దేకొద్దీ నీలం పలచబడి, అరచేతి వెడల్పున ముదురు మచ్చ తేలింది. ఎక్కడో గుద్దుకుంటే అతుకు వేసి పైన రంగు పూసినట్టు ఉంది చూడడానికి.

వచ్చినాయన పేరు తనాబె. డెబ్బై ఏళ్ళుంటాయి, పుల్లలాంటి మనిషి. షెడ్డులో గుడ్డ తీయగానే రెండు చేతులు తొడలకి ఆనించి, నడుము వంచి కారుకి నమస్కారం చేశాడు. అర్బాబ్ నా వైపు చూశాడు, నేను అర్బాబ్ వైపు చూశాను. తరవాత తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, చిన్న టార్చి, భూతద్దం తీసి మొదలుపెట్టాడు. రెండు గంటలు. ఒక్కో బోల్టు దగ్గర ఆగాడు. సీటు కుట్టు మీద దారం లెక్కపెడుతున్నట్టు చూశాడు. బండి కింద పడుకుని, చాలాసేపు లేవకపోతే నిద్రపోయాడేమో అనుకున్నాను. లేచినప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి కార్లు చూస్తున్నాననీ, ఇంత చక్కగా దాచుకున్నది చూడలేదనీ అర్బాబ్‌తో ఇంగ్లీషులో అన్నాడు. ఆ దాచుకోవడంలో నా మోకాళ్ళు కూడా ఉన్నాయని నాకు ఒక్క క్షణం గర్వం కలిగింది. ఒక్క క్షణమే.

చివరికి ఇంజన్ మూత ఎత్తాడు. టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగిపోయింది.

ఇదేమిటని అడిగాడు. అర్బాబ్ వంగి చూసి తెల్లబోయాడు. తనకి తెలియదన్నాడు. ఇక్కడ ఏదైనా రిపేరు జరిగిందా? లేదు. ఎవరైనా రంగు వేశారా? ఈ బండి మీద ఏ చేయీ పడలేదు, ఇది నా మాట అన్నాడు అర్బాబ్. తనాబె గారు చాలా మర్యాదగా తన పుస్తకం మూసేశాడు. కారణం చెప్పలేని మచ్చ ఉంటే దాచిన రిపేరు అని రాయక తప్పదట. అలా రాస్తే ఆ వేలం తీసుకోదట. బయట అమ్ముకోవచ్చు గాని వ్యాను కాదు కదా, వ్యాను చక్రాలు కూడా రావు. క్షమించమని మళ్ళీ వంగాడు.

అర్బాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. డయాలిసిస్ సూదులతో ఉబ్బిన ఎడమ చేయి ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఆయన మాట నిజం కాదేమో అని ఆయన షెడ్డులోనే ఒకడు అనుమానపడ్డాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఓడల మీద నలభై మంది ప్రాణాలు ఆయన మాట మీద నడిచేవి.

నేను ఖహ్వా, అంటే ఇక్కడి కాఫీ, కెటిల్ పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాను. నోరు మూసుకుంటే చాలు. ఎవరూ నన్ను అడగలేదు. డ్రైవర్‌ని ఎవరు అడుగుతారు? బండి ఇక్కడే ఉంటుంది. వచ్చే శుక్రవారం మళ్ళీ ఆ శబ్దం వింటాను. నేను ఇన్నాళ్ళూ కోరుకున్న అడ్డం నా చేతులతో నేనే పెట్టాను, అది పడింది. నోరు విప్పితే బండీ పోతుంది, నౌకరీ పోతుంది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ హమ్రియా రూమ్‌లో తొమ్మిదోవాణ్ణి.

రెండుసార్లు ఊపిరి తీసుకున్నాను. మూడోసారి తీసుకునేటప్పుడు, ఊపిరి అందక దారిలో పోయిన ఆమె గుర్తొచ్చింది. ఈసారి తల తిప్పుకోలేకపోయాను.

“ఆ మచ్చ నాది అర్బాబ్. నేనే పెట్టిన.”

కెటిల్ కింద పెట్టి, నాకు వచ్చిన హిందీ, అరబ్బీ అన్నీ కలిపి చెప్పాను. దసరా సంగతి, కుంకుమ సంగతి, కొబ్బరినూనె సంగతి, నిమ్మకాయలు మేకలు తినలేదన్న సంగతి. ఏటా రుద్ది మళ్ళీ పెట్టానని, మొన్న రుద్ది ఇంకా పాడుచేశానని చెప్పాను. అర్బాబ్ ముఖంలో రంగు మారింది. కానీ ఆయన ఇంజనీరు. నేను చెప్పిన ప్రతి ముక్కా ఇంగ్లీషులోకి మార్చి తనాబె గారికి చెబుతూ పోయాడు. గొంతు మాత్రం ఎవరిదోలా ఉంది.

తనాబె గారు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఏ వేలితో పెడతావని అడిగాడు. ఉంగరం వేలు చూపించాను. ఆ వేలిని, మూత మీది మచ్చ నడుమ ఉన్న గుండ్రటి చుక్కని భూతద్దంతో మార్చి మార్చి చూశాడు. బండిని ఏం కోరుకునేవాడివని అడిగాడు.

“ఏం కోరుకోలే సార్. అడుగుతానికి కాదు. పని చేసేదానికి దండం పెట్టాలె, గంతే.”

అర్బాబ్ అది మార్చి చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. విని తనాబె గారు చేతి తొడుగులు తీసేశాడు. తను చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేపలు తోలడానికి మొదటి లారీ కొన్నాడట. దాన్ని ఇంటికి తేకుండా ముందు వాళ్ళ దేవుడి దగ్గరికి తీసుకుపోయారట. పూజారి కర్రకి కట్టిన తెల్ల కాగితాలు లారీ మీద అటూ ఇటూ ఊపాడట, వీళ్ళంతా తలలు వంచి నిలబడ్డారట. ఇప్పటికీ అక్కడ కొత్త బండ్లకి అలా చేయిస్తారట. ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడి మెట్‌పల్లి, ఎక్కడి జపాన్. నేను దొంగతనంగా చేసిన పని అక్కడ దేవుడి ముందు బాహాటంగా చేస్తారు.

ఆయన పుస్తకం మళ్ళీ తెరిచి రాసి, రాసింది చదివి వినిపించాడు. రిపేరు కాదు, బండిని కనిపెట్టుకుని ఉన్న మనిషి పదకొండేళ్ళు పూజ చేసిన గుర్తు. ఇది వేలానికి వెళ్తుందన్నాడు. దీనివల్ల ధర తగ్గుతుందేమో, ఎంత తగ్గుతుందో, తను చెప్పలేనన్నాడు. వెళ్ళేముందు కారుకి వంగాడు, అర్బాబ్‌కి వంగాడు, నాకూ వంగాడు. నాకు ఏం చెయ్యాలో తెలియక చేతులు జోడించాను.

తరవాత నాలుగు రోజులు అర్బాబ్ నాతో మాట్లాడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను, తీసుకొచ్చాను. బండిలో వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూసేవాడు. తిట్టినా బాగుండేది. శుక్రవారం షెడ్డు తలుపు కూడా తెరవలేదు. నేను బట్టలు సంచిలో సర్దుకుని, బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చొక్కా జేబులో పెట్టుకుని ఎదురుచూశాను. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. సుమలతకి చెబితే ఈసారి ఎగతాళి చేయలేదు. నిజం చెప్పి మంచిపని చేసినవు, తర్వాతిది తర్వాత అంది.

ఐదో రోజు సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు, ఒక గుమాస్తా కాగితాలు పట్టుకుని వచ్చారు. మజ్లిస్‌లో, అంటే ఇంటి ముందు గదిలో, తివాచీ మీద కూర్చున్నారు. నేను ఖర్జూరాల పళ్ళెం పెట్టి వెనక్కి తిరిగాను. అర్బాబ్ కలం తీసి, కాగితం మీద పెట్టబోయి ఆగాడు. నన్ను ఉండమన్నాడు.

ఆయనకి లేవడం కష్టం. గోడ పట్టుకుని, మోకాలు పట్టుకుని లేచి నా ఎదురుగా నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు అయోమయంగా చూస్తున్నారు. నేను ఇక అయిపోయిందనుకుని, ఈ పరాయివాళ్ళ ముందు ఎందుకు, విడిగా పొమ్మంటే పోనా అని మనసులో అనుకుంటున్నాను. ఆయన అందరికీ అర్థం కావాలని మొదట అరబ్బీలో మాట్లాడి, తరవాత నాకు హిందీలో చెప్పాడు.

“ఇంకొకరి హక్కు ఉన్న వస్తువుని దానం చెయ్యకూడదు. ఈ నాలుగు రోజులూ అదే ఆలోచించాను. దీన్ని కొన్నది నేను. ఎక్కి తిరిగింది నేను. కానీ ఏడాదికోసారి దాని ముందు తల వంచింది నువ్వు. ఇందులో నీ హక్కు ఉంది లింబాద్రీ. నువ్వు మనసారా ఇస్తేనే నేను ఇవ్వగలను. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, సంతకం పెట్టను.”

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాటవరసకి అడగడం లేదు. కలం మూత పెట్టేసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను కాదంటే వచ్చినవాళ్ళని ఖాళీ చేతులతో పంపేవాడే. ఆ ముసలి కాళ్ళ మీద ఆయన నా జవాబు కోసం వణుకుతూ నిలబడి ఉంటే, నేను తల ఎత్తి ఆయన్ని చూశాను. ఇన్నేళ్ళు కారుని చూసి ఆశ్చర్యపోయాను. ఆ రోజు మనిషిని చూసి ఆశ్చర్యపోయాను.

ఏజెంటు వీసా కోసం మా ఎకరం పొలం పోయినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్న కంపెనీ అడగలేదు. నా బిడ్డ సింధూజ నడక నేర్చిన రోజు, పెద్దమనిషి అయిన రోజు, డిగ్రీ పాసైన రోజు అన్నీ ఈ ఎడారి తీసుకుంది. ఇస్తావా అని ఎవరు అడిగారు? ఇరవై ఏళ్ళలో నా దగ్గర నుంచి పోయినవన్నీ పోయినవే గాని, నేను ఇచ్చినవి కావు.

అబద్ధం మీద ఇవ్వకూడదనిపించింది. ఆ రోజు షెడ్డులో మొదట నోరు మూసుకుందామనే అనుకున్నానని, బండి పోకుండా ఉండాలని కోరుకున్నానని ఆయనకి చెప్పేశాను.

“అది నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను,” అన్నాడు.

“ఇస్తున్న అర్బాబ్. దిల్ తోని ఇస్తున్న.”

ఆయన నా భుజం పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. కూర్చున్నాక గుమాస్తాతో ఇంకో పేరు కూడా రాయమన్నాడు. అలా రాసే పద్ధతి లేదని గుమాస్తా నసిగితే, పద్ధతి ఇప్పుడు మొదలుపెట్టమన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన. ఖమీస్ అర్బాబ్ సంతకం చేసి, కలం నా చేతికి ఇచ్చాడు. నాకు అరబ్బీ రాయడం రాదు, ఇంగ్లీషులో రెండు అక్షరాల కన్నా ఎక్కువ రావు. తెలుగులోనే పెట్టనా అంటే పెట్టమన్నారు.

ఈ దేశంలో నేను పెట్టిన సంతకాలన్నీ ముట్టినట్టు పెట్టినవే. జీతం ముట్టినట్టు, బూట్లు ముట్టినట్టు, సెలవు టికెట్టు ముట్టినట్టు. ఇచ్చినట్టు పెట్టడం అదే మొదటిసారి. చిన్న పేరే, మూడే అక్షరాలు. రాయడానికి చాలాసేపు పట్టింది.